అక్కకి లీవు ఇచ్చిన గూఢచారి

ఆడిటర్ సంతకం పెట్టాడు. పెట్టిన చోటే చచ్చిపోయాడు.

మిట్టమధ్యాహ్నం, నలుగురూ తిరిగే రోడ్డు మీద జరిగింది. భోజనానికని ఆఫీసు మెట్లు దిగుతున్న ఆయనకి కొరియర్ వాడు ఎదురొచ్చి, "సార్, మీకో పార్సెల్. ఇక్కడ చిన్న సంతకం" అన్నాడు. పెన్ను కూడా తనే ఇచ్చాడు. పెన్ను క్లిప్పు దగ్గర వేలికి ఏదో చురుక్కుమంది. ఆయన వేలు చూసుకున్నాడు, పక్కన మెట్టు మీద కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. చూసినవాళ్ళు గుండెపోటన్నారు. డాక్టరూ అదే రాశాడు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దని ఉద్యోగమంతా ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ కాగితం మీద ఏముందో చదవనే లేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా!

మర్నాడు ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో బాస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. బయట మెషీన్ గోలకి లోపలి మాటలు గుమ్మం దాటవు. డిపార్ట్‌మెంట్ సీక్రెట్ ఆఫీసు అదే.

"ఉడుతా, ఇక నుంచి నువ్వు ఆడిటర్‌వి."

"సార్, నాకు కూడికలే సరిగ్గా రావు."

"ఆయనకీ ప్రాణం కాపాడుకోవడం రాలేదు. సరిపోయింది."

ఉడుత అన్నది అతని కోడ్‌నేమ్. డిపార్ట్‌మెంట్‌లో కోడ్‌నేమ్‌లు సీనియారిటీ ప్రకారం ఇస్తారు. పులుల్నీ డేగల్నీ పైవాళ్ళు పంచుకోగా మిగిలింది ఇతనికి దక్కింది.

"నర్సులూ డ్రైవర్లూ టీచర్లూ నెలనెలా కట్టుకున్న సొమ్ముతో నడిచే ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ అది" అన్నాడు బాస్. "ఒక విదేశీ ముఠా దాని మీద కన్నేసింది. మనం సంతకాల ముఠా అంటాం. చంపేటప్పుడు కూడా సంతకం తీసుకునే రకం. పోయిన ఆడిటర్ అక్కడ ఇంటర్నల్ కంట్రోల్స్ చూస్తున్నాడు. అంటే ఏంటో తెలుసా?"

"తాళాలా సార్?"

"దాదాపు అంతే. లెక్క తప్పుగా రాయకుండా, డబ్బు తప్పు చేతిలో పడకుండా పెట్టుకున్న తాళాలు. అవి నిజంగా పడ్డాయా లేదా అని ఆడిటర్ ఒక్కొక్కటీ లాగి చూస్తాడు. ఈయన ఏదో లాగాడు. పోయాడు."

బాస్ ఒక ఫొటో బల్ల మీదికి తోశాడు.

"అనుమానం ఈవిడ మీద. అకౌంట్స్ హెడ్. అక్కడ ఏ పేమెంటైనా ఒకరు ఎంటర్ చేయాలి, ఇంకొకరు అప్రూవ్ చేయాలి. అప్రూవ్ చేసేది ఈవిడే. ఎనిమిదేళ్ళుగా ఒక్క లీవు పెట్టలేదు. ఒక్కటి! కదిలితే ఏదో బయటపడుతుందని భయపడేవాళ్ళే సీటు వదలరు. ఈవిడ ముఠా మనిషని తేలితే కోర్టులూ వాయిదాలూ ఉండవు. నువ్వే చూసుకోవాలి. అర్థమైందా?"

ఉడుత ఫొటో చూశాడు. అర్థమైంది.

ఫొటోలో ఉన్నది అతని అక్క.

అమ్మ పోయాక అన్నం తినిపించిందీ, లెక్కల్లో గుండుసున్న తెచ్చుకున్నప్పుడు వీపు పగలగొట్టిందీ, ఫీజు కట్టడానికి తన గాజులు అమ్మిందీ ఆ ఫొటోయే. ఆవిడకి తెలిసినంతవరకూ తమ్ముడు వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడు. ఈ మాట బాస్‌తో చెబితే కేసు ఇంకొకడికి ఇస్తాడు. ఆ ఇంకొకడికి అది ఫొటో మాత్రమే. చెప్పకూడదని ఉడుత అక్కడే నిర్ణయించుకున్నాడు.

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా సార్?"

"నెమలి ఉంది. ఆ ఫండ్‌లోనే కంప్లయన్స్ మేనేజర్. అందరూ రూల్ ప్రకారం నడుస్తున్నారా అని చూడటం ఆవిడ డ్యూటీ. ఆవిడ చెప్పినట్టు చెయ్."

వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ ఆడిటర్ చేత అతనికి ఆడిటింగ్ నూరిపోయించారు. విగ్గు పెట్టారు, మీసం అతికించారు, చొక్కా కింద దూదితో బొజ్జ కట్టారు. కళ్ళద్దాల్లో కెమెరా. ఒక కాలిక్యులేటర్ కూడా ఇచ్చారు. దాని మీద ఈక్వల్స్ బటన్ రెండుసార్లు నొక్కితే బాస్ పలుకుతాడు.

ఫండ్ ఆఫీసు శుభ్రంగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. వరసగా బల్లలు, బల్లకో కంప్యూటరు. ప్రింటర్ పక్కన ఎండిపోతున్న మొక్క. చివర అద్దాల గదిలో అక్క. తలలో నెరుపు అతను అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంది. పండక్కో పబ్బానికో వెళ్ళి గంట కూర్చుని వచ్చేసే తమ్ముడికి అవన్నీ ఎప్పుడు కనబడతాయి?

ఆవిడ కళ్ళజోడు పైనుంచి అతన్ని ఎగాదిగా చూసింది. గొంతు మార్చి అతను నమస్కారం పెట్టాడు.

"కూర్చోండి ఆడిటర్ గారూ. మంచినీళ్ళు తాగుతారా? నీళ్ళ విషయంలో మీకు పట్టింపేమైనా ఉందేమో!"

"అబ్బే, ఏ నీళ్ళయినా పర్లేదండీ."

గుర్తుపట్టలేదు. ఉడుత మనసులోనే మేకప్ మనిషికి దండం పెట్టుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. ఒక్కో తాళమే లాగాడు. ఫండ్‌లో ఒక యూనిట్, అంటే ఒక వాటా విలువ రోజూ ఎలా కడుతున్నారు? ఒకరు కడతారు, ఇంకొకరు మొదట్నుంచీ మళ్ళీ కడతారు. షేర్ల ధరలు ఎక్కణ్ణుంచి వస్తాయి? రెండు చోట్ల నుంచి తెచ్చి పోలుస్తారు, తేడా వస్తే అక్క దాకా వెళుతుంది. బ్యాంకులో ఉన్న డబ్బూ పుస్తకాల్లో ఉన్న డబ్బూ రోజూ సరిచూస్తున్నారా? పైసాతో సహా. ఉద్యోగం మానేసినవాళ్ళ పాస్‌వర్డులు? మానేసిన సాయంత్రమే చచ్చిపోయాయి. ఒక్క తాళమూ ఊగలేదు. చూసేకొద్దీ తమ్ముడిగా అతని ఛాతీ పొంగింది, గూఢచారిగా అనుమానం పెరిగింది. ఇంత పకడ్బందీగా తాళాలు వేసే మనిషికి వాటిని చప్పుడు కాకుండా తీయడమూ వచ్చే ఉంటుంది కదా!

పైగా ఆ లీవు మాట నిజమే. ఎనిమిదేళ్ళ హాజరులో ఖాళీ లేదు. జ్వరం వచ్చినా వచ్చింది, సమ్మె రోజున నడిచి వచ్చింది.

"ఈ ఏడు వానలు ముందే వచ్చేట్టున్నాయి" అంది ఒక గొంతు, క్యాంటీన్‌లో అతను టీ కప్పుతో ఒంటరిగా కూర్చుని ఉంటే.

"నా గొడుగు పాతదే" అన్నాడు ఉడుత. కోడ్ సరిపోయింది.

నెమలి ఎదురుగా కూర్చుంది. ఆవిడ నడిచొస్తుంటే క్యాంటీన్‌లో సగంమంది నమలడం మర్చిపోయారు. సెంటు వాసన ముందొచ్చి, మనిషి తర్వాత వచ్చింది.

"ఏం దొరికింది?"

"ఏమీ లేదు."

"లీవు సంగతి దొరకలేదా? ఎంత పిచ్చి ఆడిటరైనా ముందు రాసేది అదే. రాయకపోతే నీ వేషం మీదే అనుమానం వస్తుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "రాయి. కీలకమైన ఉద్యోగులు ఏడాదికోసారి రెండు వారాలు తప్పనిసరిగా సెలవులో ఉండాలి, ఆ పని వేరేవాళ్ళు చేయాలి అని. ఆవిడ బయటికెళితే మనం ఆ సీటంతా గాలించొచ్చు. ఏమీ లేకపోతే ఆవిడకే మంచిది కదా."

ఆ చివరి మాటకి ఉడుత పడిపోయాడు. సీటు గాలించి ఏమీ దొరక్కపోతే అక్క మీద మచ్చ పోతుంది. ఇంతకన్నా కావలసిందేముంది? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అందంగా, తన జన్మలో మొదటి ఆడిట్ అభ్యంతరం రాసి డైరెక్టర్లకి పంపించాడు. కాస్త గర్వపడ్డాడు కూడా.

డైరెక్టర్లు ఆ సాయంత్రమే అక్కని లీవు మీద వెళ్ళమన్నారు. టిఫిన్ డబ్బా, చిన్న పూలకుండీ చేత్తో పట్టుకుని అతని బల్ల పక్కనుంచి వెళుతూ ఆవిడ ఒక్క క్షణం ఆగింది.

"సంతోషమా?" అంది.

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉడుత కాలిక్యులేటర్ మీద లేని కూడిక ఒకటి మొదలుపెట్టాడు.

మర్నాడు భోజనాలయ్యాక పేమెంట్ల గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ గుమాస్తాకి ఏసీ పడదు, ఏడాది పొడుగునా జలుబే. ఆఫీసులో అందరూ తుమ్ములయ్య అంటారు, అకౌంట్స్ హెడ్‌ని అక్కగారంటారు.

"పేమెంటు మొదట్నుంచి చివరిదాకా ఎలా పోతుందో చూపించు తుమ్ములయ్యా. ఇప్పుడు మీ అక్కగారు లేరు కదా, అప్రూవ్ చేసేదెవరు?"

"కంప్లయన్స్ మేడమ్ సార్."

"నెమ... ఆవిడా? ఆవిడ మీ అందరి మీదా కాపలా కదా? కాపలా మనిషి పేమెంట్లు అప్రూవ్ చేయకూడదు. నాకే తెలుసు అది!"

"పోయిన సార్ కూడా అచ్చం ఇలాగే అరిచారు." తుమ్ములయ్య ముక్కు తుడుచుకున్నాడు. "అక్కకి లీవివ్వాలని రాయండని మేడమ్, ఆ సీట్లో ఎవరు కూర్చుంటారో తేలేదాకా రాయనుగాక రాయనని సార్. పెద్ద గొడవైంది. మర్నాడే పాపం గుండెపోటు."

ఉడుతకి లెక్క తేలింది. తాళాలన్నీ గట్టివే. పగలగొట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని తాళంచెవి పట్టుకున్న మనిషిని రూల్ ప్రకారం బయటికి పంపించి, తాళంచెవి చేతిలోకి తీసుకోవాలనుకున్నారు. దానికి ఒక ఆడిటర్ రాత కావాలి. తెలిసిన ఆడిటర్ రాయనన్నాడు, చచ్చాడు. తెలియని ఆడిటర్ అందంగా రాసిచ్చాడు.

"ఇవాళ పేమెంట్లేమన్నా ఉన్నాయా?"

"ఒక్కటే సార్. చాలా పెద్దది. మేడమ్ ఇచ్చిన కాగితాలు చూసి పొద్దున్నే ఎంటర్ చేశాను. ఇక నా చేతిలో లేదు, అప్రూవల్‌కి వెళ్ళిపోయింది. బ్యాంకు ఆఖరి బ్యాచ్‌లో పంపుతానన్నారు."

"ఆఖర్లో ఎందుకు?"

"ఆ బ్యాచ్ పోయాక బ్యాంకు మూసేస్తారు కదా సార్. వెనక్కి పిలవడానికి కూడా ఎవరూ ఉండరు." అని తుమ్మాడు.

తెర మీద అంకె చూశాడు ఉడుత. ఫండ్‌లో ఉన్న నగదు దాదాపు మొత్తం. నర్సులదీ, డ్రైవర్లదీ, టీచర్లదీ. నెమలి గదివైపు చూశాడు. తలుపు వేసుంది, లోపలినుంచి గడియ పెట్టి ఉంది, గుమ్మం దగ్గర ఎప్పుడూ లేని ఇద్దరు బలిసిన సెక్యూరిటీ మనుషులు.

అక్కకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఇంటికి చేశాడు. బావ ఎత్తాడు.

"ఒరేయ్ బావమరిదీ, నూరేళ్ళు నీకు! మా ఫిల్టరు కారుతోంది, ఎప్పుడొస్తావ్?"

"బావా, అక్కేది?"

"దాన్ని సినిమాకి తోలేశాను. లీవిచ్చారటగా, పొద్దున్నే లేచి వంటింటి డబ్బాలన్నిటికీ నంబర్లేసి చీటీలు అంటించింది. నా చెప్పులక్కూడా వేసేదే. మధ్యాహ్నం ఆట చూసిరావే తల్లీ అని బతిమాలి టికెట్టు కొనిచ్చాను. ఆఁ, ఇంకో మాట, ఎవడో కొరియర్ వాడొచ్చాడు. అక్క సంతకమే కావాలట. మన పేట సినిమాహాలుకి వెళ్ళమని చెప్పాను, మంచిపనేగా?"

ఉడుత ఫోన్ పెట్టేశాడు.

డబ్బు ఇక్కడ ఉంది. అక్క అక్కడ ఉంది. కాళ్ళు రెండే. ఎటు పరిగెత్తాలో ఆలోచించానని తర్వాత రిపోర్టులో రాశాడు కానీ, అబద్ధం. అప్పటికే సగం మెట్లు దిగేశాడు.

టాక్సీలో కూర్చుని బ్యాంకుకి ఫోన్ చేశాడు. "ఆ పేమెంటు ఆపండి! నేను ఆడిటర్‌ని!"

"ఆడిటర్ పేమెంటు విషయంలో ఆర్డర్లు ఇవ్వకూడదు కదండీ" అంది బ్యాంకు అమ్మాయి మర్యాదగా. "అది మీరు పెట్టిన రూలే."

కాలిక్యులేటర్ తీసి ఈక్వల్స్ రెండుసార్లు నొక్కాడు.

"సార్! నెమలి ముఠా మనిషి! మనల్ని..."

"ఉడుతా." బాస్ గొంతు మంచుగడ్డలా ఉంది. "ఆ ఫొటోలో ఉన్నది నీ సొంత అక్కట కదా. నెమలి ఇప్పుడే చెప్పింది, ఆవిడ సీటు గాలిస్తే మీ ఇద్దరి ఫొటో దొరికిందట. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కలిసి పారిపోతున్నారని కూడా చెప్పింది. కనిపిస్తే కాల్చమని ఆర్డరిచ్చాను. నేనే బయల్దేరుతున్నాను."

లైన్ కట్టయింది. ఇక అతనికి డిపార్ట్‌మెంట్ లేదు, బాస్ లేడు. టాక్సీ సిగ్నల్ దగ్గర ఆగితే ఉడుత ముందు సీటుని పిడికిలితో గుద్దాడు. అక్కా, సంతకం పెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, సంతకం పెట్టకు. పైకే అంటున్నానని అతనికి తెలియదు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, ఏదో ఆస్తి తగాదా అనుకుని, గట్టిగా తొక్కాడు.

హాల్లో చీకటి. తెర మీద ఎవరో ఏడుస్తున్నారు. కళ్ళు అలవాటు పడకముందే అతనికి అక్క గొంతు వినబడింది.

"పంపినవాళ్ళ అడ్రసేది?"

"లోపల ఉంటుంది మేడమ్. ముందు సంతకం పెట్టండి."

"తీస్తే గానీ కనబడని అడ్రసేంటయ్యా? సంతకం పెట్టాక నాదో కాదో చూసుకోమంటావా? బరువు గడి ఖాళీగా వదిలేశావ్. తేదీ దిద్దావ్, దిద్దిన చోట పొట్టి సంతకం లేదు. టార్చి సరిగ్గా పట్టు, వెనకవైపు ఏం రాశారో చదవనీ."

"నిశ్శబ్దం!" అన్నారెవరో.

కొరియర్ వాడికి చిర్రెత్తినట్టుంది. ఎంతోమందిని చంపాడు గానీ ఇంతసేపు నిలబెట్టినవాళ్ళు లేరు. ఓపిక చచ్చి, పెన్ను క్లిప్పు ఆవిడ చేతివైపు తిప్పి పొడవబోయాడు. ఉడుత మూడు వరసల కుర్చీల మీదనుంచి దూకి వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కుర్చీల మధ్య పడ్డారు. వాడు మోకాలితో తన్నాడు. విగ్గు ఊడింది. పెన్ను ఉడుత మెడకి వెంట్రుకవాసి దూరంలోకి వచ్చింది. అక్క లేచి, స్టీలు నీళ్ళసీసా ఉన్న హ్యాండ్‌బ్యాగుతో వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. వాడు వెనక్కి తూలి, తన పెన్ను మీద తనే పడ్డాడు. పడుతూ ఆసరాకి పట్టుకున్న మడతకుర్చీ ఠపీమని మూసుకుంది. అందులో అక్క కుడి బొటనవేలు ఇరుక్కుంది.

ఆవిడ అరిచిన అరుపుకి హాలంతా లైట్లు వేశారు.

బయటికి లాక్కొచ్చాక ఉడుత ఆయాసంతో, మారుగొంతుతోనే, "మేడమ్, మీరు వెంటనే ఊరు వదిలి..." అన్నాడు.

"నోర్ముయ్యి!" అంది అక్క. "మీసం అతికిస్తే తమ్ముడు ఆడిటరైపోతాడా? మొదటిరోజే గుర్తుపట్టాను. వాటర్ ఫిల్టర్లని ఇన్నేళ్ళు చెవిలో పువ్వు పెట్టావు. పోనీలే, పెద్ద ఉద్యోగమే చేస్తున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరిచి చెబుతాడులే అని ఊరుకున్నాను. చెప్పింది ఏంటి? మా అక్కని ఇంటికి పంపండని! దొంగలా చూశావు కదరా నన్ను. ఆ మాట నా మొహాన అనుంటే పోయేదిగా!"

ఆవిడ ఏడుస్తోంది. గాయమైన వేలు పట్టుకుని, రోడ్డు మధ్యలో, ఎనిమిదేళ్ళ అలసటంతా ఒకేసారి ఏడుస్తోంది. ఉడుతకి కాళ్ళ మీద పడాలనిపించింది. టైము లేదు. జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పి, టాక్సీ తలుపు తీశాడు.

"ఎక్కు. నిన్నెక్కడైనా దాచేస్తాను. డబ్బు పోతే పోనీ అక్కా. నువ్వుంటే చాలు."

అక్క కళ్ళు తుడుచుకుంది. "నన్నెందుకు చంపాలనుకున్నారో ఆలోచించావా? ఆఫీసు గుమ్మంలో నేను వేలు పెట్టి హాజరు వేస్తే చాలు, లీవు రద్దయిపోతుంది. నా పవర్ ఆవిడ దగ్గర్నుంచి ఊడి నాకొచ్చేస్తుంది. కంప్యూటరు ఒకసారి ఒక్కళ్ళనే గుర్తిస్తుంది. నేను బతికుంటే ఎప్పుడైనా వచ్చి వేలు పెట్టొచ్చు. అదీ వాళ్ళ భయం." టాక్సీ ఎక్కి డ్రైవర్‌తో అంది, "బాబూ, ఆఫీసుకి పోనీ."

"అక్కా, అక్కడ మనం కనిపిస్తే కాల్చమని..."

"నర్సులు నెలనెలా కడతారురా. నైట్ డ్యూటీలు చేసి కడతారు. పోనీ అంటే ఎలా పోతుంది?"

లాబీలో బాస్ ఉన్నాడు. ఇద్దరు మనుషులతో, చేతిలో పిస్టల్‌తో, హాజరు మెషీన్‌కి నాలుగడుగుల దూరంలో. గోడ గడియారంలో బ్యాంకు ఆఖరి బ్యాచ్‌కి మిగిలింది చిటికెడు సమయం.

"చేతులెత్తు ఉడుతా."

ఎత్తాడు. "సార్, నన్ను కాల్చుకోండి. మా అక్కని ఒక్కసారి వేలు పెట్టనివ్వండి. అంతే. తర్వాత మీ ఇష్టం. దండం పెడతాను సార్."

"కదిలితే కాలుస్తాను!"

"ఏంటయ్యా నువ్వు కాల్చేది?" అంది అక్క, బాస్‌ని పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు చూస్తూ. "ఆఫీసుకొచ్చినవాళ్ళు హాజరు వేయడం కూడా నేరమేనా?" అంటూ నడిచి వెళ్ళి మెషీన్ మీద బొటనవేలు పెట్టింది.

ఎర్ర లైటు. 'మళ్ళీ ప్రయత్నించండి.'

కుర్చీలో నలిగిన వేలు, చర్మం లేచిపోయి ఉంది. తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటు.

"ఐదుసార్లు తప్పితే ఇది లాకైపోతుంది" అంది అక్క. ఎడమచెయ్యి ఎత్తి వేళ్ళు చూసుకుంది. "అదనంగా ఇంకో వేలు ఇచ్చాను, చేరిన రోజు. ఎడమచేతిది. ఏదో గుర్తు రావట్లేదురా!"

చూపుడువేలు. ఎర్ర లైటు. మధ్యవేలు. ఎర్ర లైటు. మిగిలింది ఒక్క అవకాశం. బాస్ మనుషులు ముందుకొచ్చారు. ఉడుత బుర్ర పనిచేయడం మానేసింది. చంపడానికీ చావడానికీ వంద రకాలు నేర్పారు గానీ, అక్క ఏ వేలు ఇచ్చుంటుందో ఎవరూ నేర్పలేదు.

అక్క ఉన్నట్టుండి తల తిప్పి అడిగింది.

"చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి ఎలా పట్టుకునేవాడివిరా?"

"చెయ్యి మొత్తం నా పిడికిట్లో పట్టేది కాదు" అన్నాడు ఉడుత. "ఎడమచేతి చిటికెనవేలు పట్టుకునేవాణ్ణి."

"అయితే అదే ఇచ్చుంటాను."

పెట్టింది. మెషీన్ ఆలోచించింది. ఆకుపచ్చ లైటు వెలిగింది.

గడియారం ముల్లు గీత దాటింది. బ్యాచ్ వెళ్ళిపోయింది. ముందు లైటు వెలిగిందో, ముందు బ్యాచ్ వెళ్ళిందో కింద ఉన్నవాళ్ళకి తెలియదు.

లిఫ్టు తెరుచుకుంది. నెమలి బయటికొచ్చింది. చిరునవ్వు చెదరలేదు. "సార్, ఇంకా చూస్తున్నారేంటి? వాళ్ళిద్దరే. కాల్చండి."

ఆవిడ వెనకే మెట్ల మీదనుంచి తుమ్ములయ్య తుమ్ముతూ దిగాడు. "మేడమ్, మేడమ్! ఆ పెద్ద పేమెంటు వెనక్కొచ్చేసింది. మీకు అధికారం లేదంటోంది. అరె, అక్కగారు వచ్చేశారే! ఆవిడకి పంపించనా?"

బాస్ మెల్లగా అతనివైపు తిరిగాడు.

"ఏ పెద్ద పేమెంటు?"

"ఫండ్ డబ్బంతా సార్. మేడమే పొద్దున కాగితాలిచ్చారు. ఇందాక నాలుగుసార్లు అప్రూవ్ నొక్కి చూశారు, నా తెర మీద కనబడింది, పాపం."

"ఇవాళ పేమెంట్లేవీ లేవని గంట కిందట నాకు చెప్పావు నెమలీ" అన్నాడు బాస్.

నెమలి పెదాలకి రంగు వేసుకోబోతున్నట్టు లిప్‌స్టిక్ తీసింది. దాని మూతి తుపాకీ గొట్టమని ఉడుతకి తెలుసు, డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇచ్చిందే. అక్కకి అడ్డంగా దూకాడు. గుండు దూది బొజ్జలో దూరి, వెనకవైపు నుంచి బయటికి రాకుండా అక్కడే ఆగిపోయింది. రెండో గుండు పేలకముందే బాస్ మనుషులు ఆవిడ చేతులు విరిచి పట్టుకున్నారు.

ఉడుత నేల మీద పడి ఉన్నాడు. అక్క చొక్కా గుండీలు తెంపి, దూది అంతా పీకి పారేసి, ఒంటి మీద కమిలిన మచ్చ తప్ప ఇంకేమీ లేదని రెండుసార్లు సరిచూసుకుంది. తర్వాత చెంప మీద ఒక్కటి కొట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకెప్పుడైనా నాకు అబద్ధం చెబితే నేనే చంపేస్తాను" అంది.

"సరే అక్కా."

బాస్ గొంతు సవరించుకున్నాడు. క్షమాపణ అడగడం ఆయనకి అలవాటు లేని పని. "అమ్మా, మా డిపార్ట్‌మెంట్ మీకు రుణపడి ఉంది. మా కంట్రోల్స్ కూడా ఒకసారి చూసిపెడితే..."

"చూస్తాను. ముందు ఒకే మనిషి మాట నమ్మి పిస్టల్ తీయడం మానండి. రెండో మనిషిని అడగాలి" అంది అక్క.

ఆ నెల జీతం కాగితం వచ్చింది. హాజరు మెషీన్ లెక్క ప్రకారం ఆవిడ ఆ రోజు లీవు రద్దు చేసుకుని, సాయంత్రం దాటబోయే వేళకి ఆఫీసుకి వచ్చింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆవిడ జీతంలో కోత పడింది. డైరెక్టర్లు పరుగెత్తుకొచ్చి సరిచేయిస్తామన్నారు. బాస్ పైనుంచి ఉత్తరం రాయిస్తానన్నాడు. అక్క దేనికీ ఒప్పుకోలేదు.

"ఆలస్యంగా వచ్చిన మాట నిజమే కదా" అంది.